పిల్లలతో పండగ పిండివంట ఎక్కడ మొదలుపెట్టాలి? అరిసెల దగ్గర మాత్రం వద్దు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒంగోలు నుంచి సంక్రాంతి సెలవులకు కందుకూరులో మీ అమ్మగారింటికి వెళ్తున్నారు. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు ఐదు. సెలవులన్నీ ఫోన్లకు అప్పగించకుండా వాళ్లతో ఏదైనా తేలికైన పిండివంట చేయించాలనుకుంటున్నారు. దాంతోపాటు నాలుగు లెక్కలు, కాస్త సైన్సు వంటబడితే మంచిదే గానీ అది ఇంకో ట్యూషన్ కాకూడదు. పొయ్యి దగ్గరికి ఎంతవరకు రానివ్వొచ్చు అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. మొదట చిమ్మిలి, అంటే నువ్వులూ బెల్లం దంచి కట్టే ఉండలు, చేయించండి, రెండోసారి గవ్వలు. అరిసెలు, మురుకులు పెద్దవాళ్లకు వదిలేయండి. నూనె మూకుడు దగ్గరికి ఇద్దరినీ రానివ్వొద్దు, తొమ్మిదేళ్ల వాడినైనా సరే. రోజుకు ఒకటే వంట. అందులో ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగించి, అది మొదలు నుంచి చివరిదాకా వాళ్లకే వదిలేయాలి, వంకరగా వచ్చినా మీరు చేయి పెట్టకూడదు. అసలు కష్టం ఇక్కడే. పిల్లలు బాగానే చేస్తారు, మీరూ మీ అమ్మగారూ చేతులు కట్టుకుని కూర్చోవడమే కష్టం.

నేను కోవూరు వైపు ప్రాథమిక పాఠశాలల్లో చాలా ఏళ్లు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు సెలవులొస్తే మా మనవళ్లు, వాళ్లతోపాటు వీధిలో పిల్లలు సగంమంది మా వంటింట్లోనే ఉంటారు. కింద రాసేది వాళ్లతో చేయించి చూసిందే.

అరిసెలు ఎందుకు వద్దంటున్నానంటే, అందులో ప్రతిదీ తొందరపనే. బియ్యం నానాలి, వాడ్చాలి, తడి ఆరకముందే పిండి కొట్టించాలి, పాకం వచ్చీరాగానే పిండి కలిపేయాలి, వెంటనే నూనెలో వేయాలి, తీసి నొక్కాలి. అంత హడావిడిలో పెద్దవాళ్ల నోటి నుంచి "అటు పో, ముట్టుకోవద్దు, అడ్డం రావద్దు" తప్ప ఇంకో మాట రాదు. పిల్లకు అర్థమయ్యేది కూడా అదొక్కటే, వంటింట్లో నేను అడ్డం అని.

అయితే అరిసెలు చేసే రోజు ఒక్క పని మాత్రం బాబుకు అప్పగించండి, పాకం చూడటం. పొయ్యికి దూరంగా కూర్చోబెట్టి, ముందు పళ్లెంలో చల్లటి నీళ్లు పెట్టండి. గరిటెతో పాకం చుక్క తెచ్చి మీరే ఆ నీళ్లలో వేయండి. మొదటి చుక్క పడగానే కరిగిపోయి నీళ్లు ఎర్రబడతాయి. కాసేపయ్యాక వేసిన చుక్క అడుగున పేరుకుంటుంది గానీ వేలితో తీయబోతే జారిపోతుంది. ఇంకాసేపటికి వేసింది వేళ్ల మధ్య మెత్తటి ఉండ అవుతుంది, అదీ అరిసెల పాకం. అక్కడితో అరిసెల పాకం దించేసి, చిన్న గిన్నెలో కాస్త విడిగా తీసి ఇంకా కాయండి. ఇప్పుడు వేసిన చుక్క నీళ్లలో రాయిలా గట్టిపడి, తీసి పళ్లేనికి కొడితే టంగుమంటుంది, వేరుశనగ చిక్కీకి కావాల్సింది అది. నాలుగు చుక్కలూ ఒకే బెల్లం నుంచి వచ్చినవే కదా, మరి ఏం మారింది అని అడగండి, అంతే. వెంటనే చెప్పేయకండి. సాయంత్రానికైనా "నీళ్లు ఇగిరిపోయాయి" అన్న మాట వాడి నోటి నుంచే వస్తుంది.

అప్పుడు మిగతాది చెప్పొచ్చు. మామూలు నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. బెల్లం నీళ్లలో నీరు తగ్గేకొద్దీ మరిగే వేడి పెరుగుతూ పోతుంది. ఉండపాకం దగ్గర 115 డిగ్రీలు, చిక్కీ పాకం దగ్గర 150 డిగ్రీలు ఉంటుంది, కాస్త అటూ ఇటూగా. పాకం మీద పడితే మరుగునీళ్లకన్నా ఎక్కువ ఎందుకు కాలుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. వేడి ఎక్కువ, పైగా ఒంటికి అంటుకుని వదలదు. కాబట్టి చుక్క వేసేది మీరే, నీళ్లలో చల్లారాక ముట్టుకునేది వాడు. పాకం వచ్చిందని తేల్చి చెప్పేది కూడా వాడే కావాలి. మీ అమ్మగారు ఎలాగూ పక్కనే ఉంటారు, చేయి దాటిపోదు.

ఇక చిమ్మిలి. నాగుల చవితికి పుట్ట దగ్గర పెట్టే చిమ్మిలే, సంక్రాంతికి నువ్వులూ బెల్లం ఎలాగూ ఇంట్లో ఉంటాయి. రెండు గ్లాసుల నువ్వులకు గ్లాసు తరిగిన బెల్లం, రెండు యాలక్కాయలు. చవితికి పచ్చి నువ్వులే దంచుతారు గానీ తినడానికైతే చిటపటలాడేదాకా దోరగా వేయించి చల్లారబెడితే బాగుంటుంది, ఆ వేయించడం మీ పని. నువ్వులు ఏరడం, కొలవడం పాపకివ్వండి. బెల్లం కొలవడం, దంచడం బాబుకు. ఉండలు ఇద్దరూ కట్టొచ్చు.

మీ అమ్మగారింట్లో రోలుంటే తప్పకుండా రోట్లోనే దంచించండి. లేకపోతే మిక్సీలో ఆపి ఆపి మీరే తిప్పాలి, కానీ అందులో సగం సరదా పోతుంది. దంచడం మొదలుపెట్టాక కాసేపటిదాకా అంతా పొడిపొడిగానే ఉంటుంది, పిడికిట్లో నొక్కితే రాలిపోతుంది. పిల్లలు వెంటనే "నీళ్లు పోద్దామా" అంటారు. పోయనివ్వొద్దు, నీళ్లు తగిలితే రెండు రోజుల్లో పాడైపోతుంది. ఇంకా దంచమనండి. కాసేపటికి రోకలి కొస మెరుస్తుంది, పొడి ముద్దముద్దగా అంచులు వదిలి మధ్యకు చేరుతుంది, వేలితో తాకితే జిడ్డుగా ఉంటుంది. అప్పుడు నొక్కితే ఉండ నిలబడుతుంది. ఆ రోజుకు మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: మనం నూనె పోయలేదు కదా, ఈ జిడ్డు ఎక్కడిది?

నువ్వుల బరువులో దాదాపు సగం నూనే ఉంటుంది. అది పుస్తకంలో చదివితే ఒక వాక్యం, పరీక్షయ్యాక మర్చిపోతారు. రోట్లో చూసిన పిల్లలు మర్చిపోరు. మా వీధిలో ఒక పాప చిమ్మిలి దంచి ఇంటికి వెళ్లి, వాళ్లమ్మ దగ్గర వేరుశనగ గుళ్లు అడిగి దంచిందట, తర్వాత గుప్పెడు బియ్యం తీసుకుని దంచిందట. మర్నాడు పొద్దున్నే వచ్చి "టీచర్, బియ్యంలో రాలా" అని చెప్పింది. నేను బియ్యం సంగతి ఎత్తనే లేదు. సైన్సు అంటే నా లెక్కలో అదే, చెప్పనిదాన్ని తనే పోయి చూసుకోవడం.

ఇప్పుడు లెక్కల సంగతి. చాలామంది తల్లిదండ్రులు వంటలో లెక్కలు అనగానే ఎన్ని ఉండలు వచ్చాయో లెక్కపెట్టించి ఊరుకుంటారు. ఐదేళ్ల పాపకు అది చాలు. తొమ్మిదేళ్ల వాడికి అసలు సరుకు కొలతల్లో ఉంది. నాలుగో తరగతిలో ఒక పిల్లాడు ఉండేవాడు, ఎక్కాలు గడగడా అప్పజెప్పేవాడు, ముప్పావు అంటే నోట్‌బుక్కులో 3/4 అని రాసేవాడు, చేతికి గ్లాసిచ్చి ముప్పావు గ్లాసు బియ్యం పొయ్యమంటే మాత్రం నా మొహం చూసేవాడు. వాడికి అంకె తెలుసు, ముప్పావు ఎంతో తెలియదు.

మన స్టీలు గ్లాసుతో ఒక పని చేయించి చూడండి. సగం గ్లాసు బియ్యం పొయ్యమనండి. వాడు ఎత్తులో సగానికి పోస్తాడు. అలాంటివి రెండు సగాలు తీసుకెళ్లి ఒకే గ్లాసులో పొయ్యమనండి. నిండదు! గ్లాసు కింద సన్నంగా, పైన వెడల్పుగా ఉంటుంది కదా, ఎత్తులో సగమంటే సరుకులో సగం కాదు. పిల్లలు ముందు గ్లాసు తప్పంటారు, తర్వాత బియ్యం కింద పడ్డాయంటారు, రెండు మూడుసార్లు పోసి చూసుకుని, చివరికి గ్లాసును తిరగేసి చూస్తారు. ఆ తిరగేసి చూసే దాకా మీరు మాట్లాడకండి, నాలుక కొరుక్కోండి.

మీ అమ్మగారింట్లో అటకమీద పాత ఇత్తడి కొలతలు ఉంటే దింపించండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. గిద్దతో సోల నింపుతుంటే మూడోసారికి ముప్పావు ఎక్కడుందో కంటికే కనిపిస్తుంది. తర్వాత మానికకు ఎన్ని గిద్దలో వేళ్లమీద లెక్క కట్టమనండి, పదహారు రావాలి. తాతగారు ఉంటే పుట్టి సంగతి ఆయన్నే చెప్పనివ్వండి, నెల్లూరు లెక్కలో పుట్టి ధాన్యమంటే 850 కిలోలు, కోతలప్పుడు కళ్లాల దగ్గర బేరాలు పుట్టి లెక్కనే నడుస్తాయి. (ఇది వంటలోకి రాదు, నాకు తెలుసు. కానీ పిల్లలకు భలే నచ్చుతుంది, పుట్టికి ఎన్ని బస్తాలో లెక్క కడతారు.)

ఇంకో చిన్న పని, దీనికి పలక ఉంటే మంచిది, మీ వైపే మార్కాపురం పలకలకు పేరు కదా. ఉండలు కట్టేముందు ఎన్ని వస్తాయో ఇద్దరినీ అంచనా వేసి పలకమీద రాయమనండి. రాసింది చెరపొద్దు. అయ్యాక లెక్కపెట్టి పక్కన రాయాలి. ముందు కట్టినవి నిమ్మకాయంత, పిండి అయిపోవచ్చేసరికి గోలీకాయంత వస్తాయి, అందరి ఇళ్లలో అంతే. అప్పుడు అన్నీ సమానంగా రావాలంటే ఎలా కట్టాలి అన్న తగాదా వాళ్లిద్దరి మధ్యే మొదలవుతుంది. మా ఇంట్లో ఒకడు మొత్తం ముద్దను నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని మళ్లీ నాలుగు చేశాడు. ఇంకొకడు చెంచాతో కొలిచాడు. రెండూ సరైన దారులే.

గవ్వలకు వస్తే, రెండు గ్లాసుల గోధుమపిండి లేదా మైదా, రెండు చెంచాల వేడి నెయ్యి, ఉప్పు, కొంచెం కారం, వాము వేసి పూరీ పిండికన్నా కాస్త గట్టిగా తడిపి అరగంట మూత పెట్టండి. తీపి గవ్వలైతే మళ్లీ పాకం గొడవ ఉంటుంది, మొదటిసారికి కారం గవ్వలే నయం. గవ్వల పీట లేకపోతే కొత్త దువ్వెన కడిగి వాడుకోవచ్చు. శనగగింజంత ఉండను దువ్వెన పళ్లమీద పెట్టి బొటనవేలితో నొక్కుతూ ముందుకు తోస్తే చుట్టుకుంటూ గవ్వ వస్తుంది. మీ పాపకు ఇది బాబుకన్నా బాగా వస్తుందని నా అంచనా, చిన్న వేళ్ల పని ఇది. మందంగా చేస్తే లోపల పచ్చిగా ఉండిపోతుంది, అది కూడా తిన్నప్పుడు వాళ్లకే తెలియనివ్వండి. ఇద్దరివీ కలిపేయకుండా వేరువేరు వాయిలుగా వేయించండి. ఎవరి గవ్వలు ఎవరివో తెలియకపోతే చేసిన పనికి అర్థం పోతుంది.

నూనె, పొయ్యి జోలికి వెళ్లకుండా ఇంకేదైనా కావాలంటే బియ్యప్పిండితో చిన్న పరీక్ష ఉంది. రెండు గిన్నెల్లో పిడికెడు పిండి చొప్పున వేసి, ఒకదాంట్లో చల్లటి నీళ్లు వాళ్లనే పోసుకోమనండి, ఇంకోదాంట్లో మరిగే నీళ్లు మీరు పోసి గరిటెతో కలిపి కాస్త చల్లారాక ఇవ్వండి. రెండింటినీ పాములా సాగదీయమనండి. చన్నీళ్ల పిండి ముక్కలుగా విరిగిపోతుంది, వేడినీళ్లది సాగుతుంది. బియ్యప్పిండికి గోధుమపిండిలా పట్టు ఉండదు, వేడినీళ్లు పడితే అందులోని గంజి ఉడికి జిగురొస్తుంది, ఆ జిగురే పట్టు. ఉండ్రాళ్లకు ఎసట్లో పిండి ఎందుకు పోస్తారో ఆరోజుతో తెలిసిపోతుంది.

ఇక జాగ్రత్తలు, ఇక్కడ మాత్రం నేను మొహమాటపడను.

పండక్కి మన ఇళ్లలో పెద్ద మూకుడు పెట్టేటప్పుడు పొయ్యి గట్టుమీది నుంచి నేలమీదికి దిగుతుంది. కూర్చుని చేయడానికి సుఖం, కానీ నూనె సరిగ్గా పిల్లల మోకాళ్ల ఎత్తులో ఉంటుంది, వాళ్లు ఆ చుట్టుపక్కలే పరిగెడుతుంటారు. వేపుడు నూనె వేడి 170, 180 డిగ్రీలు ఉంటుంది. నేను చేసేదేమిటంటే, పొయ్యి చుట్టూ చాచిన రెండు చేతులంత దూరంలో ముగ్గుపిండితో గీత గీస్తాను. గీత దాటితే ఆ రోజుకు వంట బంద్, ఎవరు దాటినా సరే. గీతను పిల్లలతోనే గీయిస్తే ఇంకా బాగా పాటిస్తారు. వేయించడం అయిపోయాక మూకుడును అలాగే నేలమీద వదిలి వెళ్లొద్దు, పొయ్యి ఆపాక కూడా నూనె చాలాసేపు కాలుతూనే ఉంటుంది. పట్టులంగాలు, వేలాడే చున్నీలు వేసుకుని పొయ్యి దగ్గరికి అసలు వద్దు.

ఎంత చూసుకున్నా చెయ్యి కాలితే కుళాయి కింద 20 నిమిషాలు మామూలు నీళ్లు పారనివ్వండి. టూత్‌పేస్టు, పసుపు, ఐసు, ఇంకు, ఏదీ రాయొద్దు. బొబ్బ పెద్దదైనా, ముఖంమీద పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వీధి పిల్లలు కూడా వస్తే నువ్వులు, వేరుశనగ పడతాయో లేదో వాళ్ల అమ్మల్ని ముందే అడగండి, కొందరికి దద్దుర్లు వస్తాయి, ఊపిరాడని పరిస్థితి కూడా రావొచ్చు. నాలుగేళ్లలోపు పిల్లల చేతికి వేరుశనగ గుళ్లు అలాగే ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

అమ్మమ్మ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఏమనుకోకండి. పాప కట్టిన వంకర ఉండను ఆవిడ చాటుగా తీసి గుండ్రంగా చేసి పళ్లెంలో పెడతారు. ప్రేమతోనే. పాప మాత్రం చూస్తుంది. అందుకని ముందే చెప్పి ఒప్పించండి, పిల్లల పళ్లెం వేరు, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా ఆ పళ్లెమే ముందు పెట్టాలి. "మగపిల్లోడికి వంటేందమ్మా" అనేవాళ్లు కూడా ఒకరిద్దరు తగులుతారు. వాళ్లతో వాదన పెట్టుకోకుండా బాబు చేతికి రోకలి ఇచ్చేయండి. అయ్యాక రోలు కడగడం కూడా వాడి పనే, పాప ఒక్కతే గిన్నెలు తోముతుంటే మాత్రం నేర్పాల్సింది కాకుండా ఇంకేదో నేర్పినట్టు.

ట్యూషన్ కాకూడదన్నారు కదా, అందుకే వంటకు ఒక ప్రశ్న మించొద్దంటున్నాను. చేతులు పనిలో ఉన్నప్పుడు వరుసగా ప్రశ్నలేస్తే పిల్లలు రెండోరోజు రారు. తెలుగు రాయడం కూడా కలవాలంటే ఒక ఉపాయం ఉంది. ఆ రాత్రి బాబును చిమ్మిలి ఎలా చేయాలో రాయమనండి, మర్నాడు మీరు ఆ కాగితం చేతిలో పట్టుకుని అందులో రాసింది రాసినట్టే చేయండి. బెల్లం ఎప్పుడు వేయాలో రాయడం మర్చిపోయి ఉంటాడు, మీరు ఉట్టి నువ్వులే దంచి పళ్లెంలో పెట్టండి. నువ్వులు చల్లారబెట్టాలని రాయకపోతే "వేడిగా ఉన్నాయి, ముట్టుకోమని రాశావుగా" అని అడగండి. పడీపడీ నవ్వుతాడు, కాగితం లాక్కుని దిద్దుకుంటాడు. కాపీరైటింగు ఎంత రాయించినా రాని శ్రద్ధ అప్పుడొస్తుంది.

ఐదేళ్ల పాప నుంచి ఇవన్నీ ఆశించకండి. ముందు ఏది, తర్వాత ఏది, పెద్దది ఏది, చిన్నది ఏది, ఉండ గట్టిపడేదాకా ఆగడం, ఈ వయసుకు అవే చాలా ఎక్కువ. మధ్యలో విసుగొచ్చి ముగ్గు దగ్గరికి వెళ్లిపోతే పోనివ్వండి, మళ్లీ తనే వస్తుంది.

కందుకూరులో నువ్వులు కొనేటప్పుడు తెల్లవి, శుభ్రం చేసినవి తీసుకోండి, ఇసుక ఉంటే దంచాక తీయడం ఎవరి తరమూ కాదు. బెల్లం మరీ తెల్లగా మెరిసేది కాకుండా కాస్త ముదురు రంగుది చూడండి. మొదటిరోజుకు నేను చెప్పిన రెండు గ్లాసుల నువ్వులు చాలు, కిలో పోస్తే బాబుకు చేతులు పడిపోతాయి. భోగికి రెండు రోజుల ముందు చిమ్మిలి పెట్టుకోండి. భోగి, సంక్రాంతి రోజుల్లో అసలు వద్దు, అప్పుడు వంటిల్లు మీ అమ్మగారిది. గవ్వలు కనుమ వెళ్లాక పెట్టుకుంటే ఆవిడకూ ఓపిక ఉంటుంది, ఒంగోలు తిరిగి వెళ్లేటప్పుడు డబ్బాలో పోసుకుని వెళ్లొచ్చు, గాలి తగలకుండా ఉంటే కారం గవ్వలు రెండు వారాలైనా కరకరలాడుతూనే ఉంటాయి.